పక్కవాడికి ఆట రాకపోతే

ముక్తేశ్వరం రేవులో కోటిపల్లి పంటు కోసం కాసేపు నిలబడితే, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాళ్ల నోట ఈ మాటలు వినబడుతుంటాయి: "కవర్ ఇవ్వరా!", "రివైవ్ చెయ్యరా బాబూ!", "వీడెక్కడి నూబ్ రా!" ఆట బీజీఎంఐ, ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట. స్క్వాడ్‌కి, అంటే జట్టుకి, నలుగురు. స్నేహితులు దొరకని రోజున మిగతా ముగ్గుర్నీ ఆటే ఎక్కడి నుంచో తెచ్చి జతచేస్తుంది. పిల్లలు వాళ్లను ర్యాండమ్స్ అంటారు. మీ ఇంట్లో రాత్రిపూట తిట్లు తింటున్నది ఎక్కువగా వాళ్లే.

"ఆటే కదరా, ఎందుకంత అరుపు?" అని మాత్రం అనకండి. పెద్ద మ్యాచ్ ఒకటి దాదాపు అరగంట సాగుతుంది. ఒకడు ముందే ఒంటరిగా వెళ్లి చచ్చిపోతే ముగ్గురే మిగులుతారు, ర్యాంక్ పాయింట్లు తగ్గుతాయి. మీవాడి ఉక్రోషంలో న్యాయముంది. నోట్లోంచి వచ్చే మాటలోనే లేదు.

మన పక్కనున్న అమలాపురం కుర్రాడు, బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ సంగతి మీవాడికి చెప్పండి. మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్ అతన్ని ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో జత కలిపారు. ఇద్దరూ కోర్టు వెనక నుంచి స్మాష్‌లు బాదేవాళ్లే. మరి నెట్ దగ్గర ఎవరాడాలి? పక్కవాడికి రానిదేదో తాము నేర్చుకోక తప్పలేదు. 2023లో ఆసియా క్రీడల స్వర్ణం, ఆ వెంటనే డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ స్థానం ఆ జంటకే దక్కాయి. వాళ్లకు కలిసి ఆడటానికి ఏళ్లు దొరికాయి, మీవాడికి అరగంటే అంటారా? నిజమే. అయినా ఆ అరగంటలో "నా వెనకాలే రా", "ఆ ఇంట్లోకి వెళ్లకు" అని చెప్పడానికి తీరిక ఉంటుంది. తిట్టు విన్నవాడి గురి కుదరదు, మరింత చెదురుతుంది.

అవతలివాడికి ఆట రాకే అలా ఆడుతున్నాడని కూడా అనుకోనక్కర్లేదు. లంకల్లో సిగ్నల్ ఎలా ఉంటుందో మనకు తెలియంది కాదు. పింగ్ (సిగ్నల్ ఆలస్యం) పెరిగితే ఎంతటి మొనగాడైనా కొయ్యబొమ్మలా నిలబడిపోతాడు. అన్న ఫోన్ పట్టుకున్న తమ్ముడూ అయ్యుండొచ్చు. మరీ విసుగొస్తే మ్యూట్ బటన్ ఉంది. ర్యాంక్ అంత ముఖ్యమైతే తెలిసిన ముగ్గురితోనే ఆడమనండి.

ఇంకో సంగతి, ఇది తల్లిదండ్రులమైన మనకు తట్టదు. ఆట రాని ఆ నూబ్ మన పిల్లాడే కావచ్చు. అరిచేవాడు ఇల్లంతటికీ వినబడతాడు, తిట్లు పడేవాడు ఎవరికీ వినబడడు. మైక్ ఆపేసి మూగగా ఆడటం, ఉన్నట్టుండి యూసీ (ఆటలో చెల్లే డబ్బు) కొనడానికి డబ్బులడగటం కనిపిస్తే కాస్త పక్కన కూర్చోండి. దాంతో ఆటలోని బొమ్మకు కొత్త డ్రెస్సు కొంటే గురి కుదరదు. ఆడపిల్లలైతే గొంతు వినబడగానే వెకిలి మాటలు మొదలవుతాయి. అక్కడ ఓపిక పట్టమని చెప్పకండి, మ్యూట్ చేసి రిపోర్ట్ కొట్టమనండి.

ఫోన్ సంగతికొద్దాం. మ్యాచ్ మధ్యలో లాక్కోకండి. అవతలి ముగ్గురికీ అప్పుడు మీవాడే సగంలో పారిపోయినవాడు. "ఈ మ్యాచ్ అయ్యాక ఆపెయ్" అని మొదలుపెట్టకముందే చెప్పండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు రోజుకు మూడు గంటలని ఆటలోనే హద్దు ఉంది. వయసు నిజం చెప్పి అకౌంట్ తెరిచాడో లేదో ఓసారి చూడండి.

ఇవన్నీ చెప్పేకంటే ఓ ఆదివారం మీరే వాడి స్క్వాడ్‌లో చేరండి. తలుపు ఎటుందో తెలియక గోడకు గుద్దుకుంటారు, తుపాకీ తీయబోయి బాంబు విసురుతారు. వాడు పళ్లు కొరుకుతాడో, పక్కకొచ్చి దారి చూపిస్తాడో మీకే తెలుస్తుంది. కాకపోతే ర్యాంక్ లేని మ్యాచే పెట్టమనండి. మీవల్ల పాయింట్లు పోతే వాడేమంటాడో నేను పూచీ పడలేను.