కళాకారుని గౌరవించుట యెట్లు?



జీవితమంతయు సంగీతమునకు ధారవోసిన కళాకారుని సంఘము గౌరవింపవలెనని అందఱు నంగీకరింతురు. కాని గౌరవించుట యనగా నేమి? శాలువ కప్పి, పూలదండ వేసి, ఛాయాచిత్రము తీయించుటతో అది ముగియునా? ఈ వార్షిక సంచికలో మన పాఠము ఇదియే.

తెలంగాణమున నాగర్‌కర్నూలు జిల్లా, లింగాల మండలములో అవుసలికుంట యను గ్రామము కలదు. శ్రీ దర్శనం మొగులయ్యగారు ఆ గ్రామమువారు. డక్కలి కులమున జన్మించినవారు. వారి పూర్వులు కిన్నెర మీటుచు, ఊరూర తిరిగి కథలు పాడి, ప్రజలిచ్చిన దానితో జీవించిరి. మొగులయ్యగారు వాయించునది పండ్రెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తీగెలు, మెట్లను నిలుపుటకు మైనము, ఇవియే దానికి ముఖ్యమైన సామగ్రి. వ్రేళ్లు మెట్లపై నడచినకొలది మ్రోగు తీగె పొడవు మారును. పొడవు తగ్గినకొలది స్వరము హెచ్చును. బుర్రలు ఆ నాదమును పెంపుచేయును. మన వీణకును, పాశ్చాత్యుల గిటారునకును మూలసూత్రమిదియే.

ఆయన పాడు కథలలో పండుగ సాయన్న కథ ప్రసిద్ధమైనది. సాయన్న పాలమూరు సీమలో ధనవంతులను దోచి పేదలకు పెట్టిన వీరుడని జనులు చెప్పుకొందురు. రాజుల చరిత్ర శాసనములందు నిలిచినది. ఇట్టివారి చరిత్ర పాటకుని కంఠమునందే నిలిచినది. పాటకుడు పోయిన, పాటయు పోవును. కావున అట్టివానిని గౌరవించుట దయ కాదు, మన చరిత్రను మనము కాపాడుకొనుట.

మొగులయ్యగారికి గౌరవము కొఱవడలేదు. 2021వ సంవత్సరమున ఒక చలనచిత్రగీతమున ఆయన కంఠము దేశమంతట వినబడెను. 2022లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుద మొసగెను. తెలంగాణ ప్రభుత్వము కోటి రూపాయల బహుమతిని, ఇంటిస్థలమును ప్రకటించెను. ఇంత జరిగినను, 2024లో ఆయన హైదరాబాదు సమీపమున కట్టడపు పనిలో దినకూలి చేయుచున్నట్లు పత్రికలు వ్రాసెను. బిరుదము ఒక్కనాటిది, బ్రదుకు ప్రతిదినముది. కిన్నెర వినువారు, నేర్చువారు నిత్యము లేనిచో బిరుదమొక్కటియే ఆ విద్యను నిలుపజాలదు.

ఈ స్థితి మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో మిసిసిపీ ప్రాంతపు నీగ్రో జాతివారు, అనగా నేడు మనము ఆఫ్రికన్ అమెరికనులని పిలుచువారు, ప్రత్తిచేలలో పాటుపడుచు ‘బ్లూస్’ అను పాటలను సృజించిరి. వారిలో మిసిసిపీ జాన్ హర్ట్ అను గిటారు విద్వాంసుడు 1928లో కొన్ని పాటలు రికార్డులకు పాడెను. అవి అమ్ముడుపోలేదు. ఆయన ఎవలాన్ అను తన పల్లెకు మరలి కూలిపని చేసికొనుచుండెను. 1963లో ఒక సంగీతప్రియుడు ఆయన పాటలోని ఊరిపేరును పట్టుకొని వెదకి, ఆయనను కనుగొనెను. ఆ యేటనే న్యూపోర్ట్ సంగీతోత్సవమున ఆయన వేలమంది యెదుట వాయించెను. 1966లో దివంగతుడయ్యెను. ఆలస్యముగ వచ్చిన ఆ మూడేండ్లలో యువకులు ఆయన వ్రేళ్లవాటమును గమనించి నేర్చుకొనిరి. అందుచేత నేటికిని ఆ వాద్యరీతి జీవించియున్నది. ముప్పదియైదేండ్లు మఱచుట లోకము చేసిన తప్పు. నేర్చుకొనుట అది చేసిన నిజమైన సన్మానము.

ఇది మన పావగడకు దూరపు ముచ్చట యనుకొనరాదు. మన తాలూకా కర్ణాటకమునందున్నను మూడు ప్రక్కల ఆంధ్రదేశమే కలదు. కిన్నెరయు ఇట్లే రెండు భాషల సొత్తు. పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుని కాలమున కల్యాణమందుండిన శివశరణుడు కిన్నరి బొమ్మయ్య కిన్నెర వాయించియే ఆ పేరు పొందెను. ఆయన కథను పాల్కురికి సోమనాథుడు తెలుగున బసవపురాణమందు చెప్పెను. కన్నడిగులును తెలుగువారును ఆ భక్తుని తమవానిగనే తలంతురు.

మన తాలూకాలోని కృష్ణాపురమున వసించిన సూలగిత్తి నరసమ్మగారిని మీరెఱుగుదురు. బడి చదువు లేకయే వేలకొలది కాన్పులు చేసిన ఆ తల్లికి 2018లో పద్మశ్రీ లభించెను. ఆ యేడు డిసెంబరులోనే ఆమె స్వర్గస్థురాలయ్యెను. విద్య పల్లెలలోనే యుండును. దానిని గుర్తించువారు ఆలస్యముగ వత్తురు.

కావున తల్లిదండ్రులకు నా మనవి యిది. మీ యిండ్లలో అవ్వలు పాడు విసుర్రాతి పాటలు, తాతలెఱిగిన చెక్కభజనలు, బుఱ్ఱకథలు కలవు. బాలురు బడిలో తెలుగు లిపి నేర్చుచున్నారు. ఆ లిపికి ప్రాణము ఇంటనే కలదు. దసరా సెలవులలో ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఒక వృద్ధుని వద్ద కూర్చుండి ఒక పాట వినవలెను. పాడినవారి పేరు, ఊరు, ఆ పాటను ఎవరివద్ద నేర్చిరో ఆ వివరములతో దానిని నోటుపుస్తకమున వ్రాయవలెను. చేతి ఫోనున్నవారు కంఠమునుగూడ నిలుపవచ్చును. పిదప ఆ పాటను తాము పాడ నేర్వవలెను. ఊరి జాతరలో పాటకుడు వచ్చినపుడు పిల్లలను ముందు వరుసను కూర్చుండబెట్టి, కడవఱకు విననిచ్చి, తగిన సంభావన వారి చేతులమీదుగ నిప్పింపుడు.

శాలువయు కప్పుదము, అది మన మర్యాద. కాని కప్పుటకు ముందు పాటను పూర్తిగ విందము, కప్పిన తరువాత దానిని నేర్చుకొందము. పిల్లలు వ్రాసికొని తెచ్చు పాటలకై మన పాఠశాల యెదురుచూచుచుండును.