ఒక్క తేది - ఆరు ఘట్టములు
(ఏప్రిల్ 24: పంచాయతీ సభ్యులకు చరిత్ర పాఠము)

ఏప్రిల్ 24 వ తేది పంచాయతీ సభ్యులకు సుపరిచితమైన దినము. 1993 వ సంవత్సరమున రాజ్యాంగపు 73 వ సవరణ అమలులోనికి వచ్చినది ఆనాడే. 2010 నుండి ఆ తేదిని జాతీయ పంచాయతీ రాజ్ దినోత్సవముగా దేశమంతటను జరుపుకొనుచున్నారు. అయితే అదే తేదిన, వేర్వేరు సంవత్సరములలో, వేర్వేరు దేశములలో చరిత్రకెక్కిన సంఘటనలు మరికొన్ని జరిగినవి.

ఇది తిథి వార నక్షత్రముల మహిమ కాదు. సంవత్సరమునకున్న దినములు 365. శతాబ్దముల చరిత్ర అంతయు ఆ దినములలోనే ఇముడవలెను గదా! కాని ఈ సంఘటనలను వరుసగా పేర్చి చూచినచో అన్నిటియందును ఒకే ప్రశ్న కనబడును. అధికారము ఎవరిచేతిలో నున్నది? దానికి ఎవరు ఎవరికి జవాబు చెప్పవలెను? పంచాయతీ సభ్యునకు ఈ ప్రశ్న ప్రతిదినము ఎదురగునదే. కావున ఆ వరుసను ఒకసారి పరిశీలింతము.

1915: నోరున్నవారిని ముందుగా

మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఒట్టోమన్ తురుష్క సామ్రాజ్యములో ఆర్మీనియనులు అల్పసంఖ్యాకులు. 1915 ఏప్రిల్ 24 న రాజధానియైన కాన్‌స్టాంటినోపిల్ నగరమున, అనగా నేటి ఇస్తాంబుల్‌లో, ప్రభుత్వము రెండువందల మందికి పైగా ఆర్మీనియను ప్రముఖులను నిర్బంధించెను. వారిలో రచయితలు, ఉపాధ్యాయులు, వైద్యులు, మతాచార్యులు ఉండిరి. వారిలో అనేకులు తిరిగి ఇండ్లకు రాలేదు. పిమ్మట సామాన్య ప్రజలను గ్రామములకు గ్రామములే ఖాళీ చేయించి, సిరియా ఎడారి వైపు నడిపించిరి. లక్షలమంది హత్యలకు, ఆకలికి, వ్యాధులకు బలియైరి. నేటికిని ఆర్మీనియనులు ఏప్రిల్ 24 ను సంస్మరణ దినముగా పాటింతురు.

ఇందలి క్రమము గమనింపదగినది. ప్రజల పక్షమున మాటలాడగలవారిని మొదట తొలగించిరి. ప్రజలపై దౌర్జన్యము అటుపిమ్మట సులభమయ్యెను.

1916: డబ్లిన్ పోస్టాఫీసు

మరుసటి సంవత్సరము అదే తేదిన, ఈస్టరు పండుగ సోమవారమునాడు, ఐర్లండు దేశభక్తులు బ్రిటిష్ పాలనపై తిరుగుబాటు చేసిరి. డబ్లిన్ నగరమున ప్రధాన పోస్టాఫీసు ఎదుట పాట్రిక్ పియర్స్ స్వతంత్ర రిపబ్లిక్ ప్రకటనను చదివెను. ఆ ప్రకటన పురుషులనే కాక స్త్రీలను కూడ సంబోధించినది. స్త్రీ పురుషులందరి ఓట్లతో ఏర్పడు ప్రభుత్వమును వాగ్దానము చేసినది. అప్పటికి బ్రిటిష్ పార్లమెంటు ఎన్నికలలో స్త్రీలకు ఓటు లేదు.

తిరుగుబాటు ఆరు దినములలో అణగిపోయెను. మే నెలలో నాయకులలో పదునైదుగురిని కాల్చి చంపిరి. అంతకుముందు తిరుగుబాటును మెచ్చని ప్రజలు కూడ ఆ శిక్షలతో ప్రభుత్వమునకు విముఖులైరి. ఆ కాలమున డబ్లిన్‌లో న్యాయశాస్త్రము చదువుచుండిన తెలుగు యువకుడు వరాహగిరి వేంకటగిరి. ఐర్లండు ఉద్యమముతో సంబంధము గలదను అనుమానముపై ఆయన 1916 లోనే ఆ దేశము విడువవలసి వచ్చెను. తరువాత కార్మికోద్యమ నాయకుడై, 1969 లో భారత రాష్ట్రపతి పదవి నలంకరించెను.

1955: బాందుంగ్ సభ

ఇండోనేషియాలోని బాందుంగ్ నగరమున 1955 ఏప్రిల్ 18 న ప్రారంభమైన ఆసియా-ఆఫ్రికా దేశముల సభ 24 న ముగిసినది. ఇరువదితొమ్మిది దేశముల ప్రతినిధులు పాల్గొనిరి. వానిలో పెక్కు దేశములు అప్పుడప్పుడే పరాయి పాలననుండి విముక్తి పొందినవి. జవహర్‌లాల్ నెహ్రూ, సుకర్ణో, చౌ ఎన్ లై, నాసర్ వంటి నాయకులు ఒకచోట కూర్చుండిరి. పరస్పర గౌరవము, సమానత్వము, తగవులను శాంతియుతముగా తీర్చుకొనుట మున్నగు పది సూత్రములతో చివరి దినమున ప్రకటన వెలువడెను.

అయినను ఏడేండ్లకే, 1962 లో, ఆ సభలో ప్రక్కప్రక్కన కూర్చున్న భారత, చైనాల మధ్య యుద్ధము జరిగినది. తీర్మానమును పుస్తకములో వ్రాయుట వేరు, దానికి కట్టుబడి నడచుట వేరు అని పంచాయతీ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు.

1973: హద్దు గీచిన తీర్పు

కేరళ రాష్ట్రమున కాసరగోడు ప్రాంతములోని ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి. భూసంస్కరణ చట్టము వలన మఠము భూములకు కలిగిన సమస్యపై ఆయన సుప్రీం కోర్టు కెక్కెను. భూమి తగవుగా మొదలైన ఆ వ్యాజ్యము క్రమముగా పెద్ద ప్రశ్నయై నిలిచినది: పార్లమెంటు రాజ్యాంగమును తనకు తోచినట్లెల్ల మార్చవచ్చునా?

పదుమూడుగురు న్యాయమూర్తులు 68 దినములు వాదములు వినిరి. 1973 ఏప్రిల్ 24 న ఏడుగురు ఒక వైపు, ఆరుగురు మరొక వైపుగా తీర్పు వెలువడెను. రాజ్యాంగమును సవరించు అధికారము పార్లమెంటునకు కలదు; కాని దాని మౌలిక స్వరూపమును చెరుపు అధికారము లేదు అనునది ఆ తీర్పు సారాంశము. ఆ ఏడుగురిలో హైదరాబాదుకు చెందిన జస్టిస్ పి. జగన్మోహన రెడ్డి ఒకరు. ఎంత పెద్ద అధికారమునకైనను హద్దు ఉండునని ఆనాడు స్థిరపడినది.

1993: పంచాయతీలకు రాజ్యాంగ రక్ష

సరిగా ఇరువది యేండ్లకు, ఆ సవరణాధికారముతోనే పార్లమెంటు చేసిన మార్పు గ్రామములకు చేరినది. పంచాయతీలు అంతకుముందు లేకపోలేదు. గ్రామ పంచాయతీలను ఏర్పరుపవలెనని రాజ్యాంగపు 40 వ అధికరణము మొదటినుండియు ఆదేశించుచునే యున్నది. 1959 అక్టోబరు 2 న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ పంచాయతీ రాజ్‌ను ప్రారంభించెను. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్‌లో కూడ అది మొదలైనది. కాని ఎన్నికలను ఏండ్ల తరబడి వాయిదా వేసినను, పాలకవర్గములను రద్దు చేసినను అడుగు దిక్కులేకుండెను.

73 వ సవరణతో పంచాయతీకి ఐదేండ్ల గడువు నిర్ణయమైనది. గడువునకు ముందే రద్దుచేసినచో ఆరు నెలలలోగా ఎన్నికలు జరుపవలెను. ఎన్నికల నిర్వహణకు రాష్ట్ర ఎన్నికల సంఘము, నిధుల పంపకమునకు ఆర్థిక సంఘము ఏర్పడినవి. షెడ్యూల్డు కులములకు, తెగలకు జనాభాను బట్టి స్థానములు లభించినవి. స్త్రీలకు మూడవ వంతునకు తక్కువ కాకుండ స్థానములు కేటాయింపబడినవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇది సగమునకు పెరిగినది. గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కలిగెను. పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, రోడ్లు, ప్రాథమిక విద్య మొదలగు 29 విషయములు చేరినవి. అయితే ఆ విషయములపై ఎంత అధికార మిచ్చుటయో రాష్ట్ర శాసనసభలే నిర్ణయించును.

2013: పగుళ్లు చూచియు

బంగ్లాదేశ్ రాజధాని ఢాకా చెంత సవార్ అను పట్టణమున రానా ప్లాజా అను ఎనిమిదంతస్తుల కట్టడ ముండెను. మునిసిపాలిటీ ఇచ్చిన అనుమతికి మించి అంతస్తులు లేపిరి. దుకాణముల కొరకు కట్టిన దానిలో బట్టలు కుట్టు కర్మాగారములను, వాని బరువైన జనరేటర్లను నెలకొల్పిరి. 2013 ఏప్రిల్ 23 న గోడలు బీటలు వారినవి. క్రింది అంతస్తులలోని బ్యాంకు, దుకాణములు మూతపడినవి. కుట్టుపనివారిని మాత్రము మరునాడు పనికి రమ్మనిరి. రాకున్న జీతము పోవునను భయముతో వారు వచ్చిరి. 24 వ తేది ఉదయము కట్టడము కూలి 1,134 మంది మరణించిరి. వారిలో ఎక్కువమంది పల్లెలనుండి వచ్చిన యువతులే.

ఇక్కడ యుద్ధము లేదు, నిరంకుశ ప్రభువు లేడు. ఒక స్థానిక సంస్థ అనుమతి, దానిని మీరినపుడు అడుగనివారి మౌనము, ఇంతమాత్రమే. అధికారము దుర్వినియోగమైనచో ఎంత హాని కలదో, వినియోగింపకుండుట వలనను అంత హాని కలదు.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. గత సంవత్సరము మన గ్రామసభ ఎన్నిమార్లు జరిగినది? ఎవరు మాటలాడిరి? మాటలాడుటకు జంకినవారెవరు?

2. తీర్మానముల పుస్తకములో వ్రాసినవానిలో ఎన్ని అమలైనవి? మిగిలినవి ఎందువలన ఆగినవి?

3. ఎన్నికైన స్త్రీ సభ్యుల స్థానమున ఇంటి మగవారు కూర్చుండి సంతకములు పెట్టించుచున్నారా?

4. మన గ్రామమున పాఠశాల గోడ, అంగన్‌వాడి కప్పు, నీటి ట్యాంకు స్తంభములు ఎట్లున్నవి? పగులు కనబడినచో ఎవరికి, ఎన్ని దినములలో వ్రాతపూర్వకముగా తెలుపవలెను?

నాలుగవ ప్రశ్నకు సమాధానము కూర్చున్నచోట దొరకదు. సభ్యులు లేచి వెళ్లి చూడవలెను.