విస్తారముగా నున్న మొక్కకు రక్షణ యేల?

ఒక మొక్క అనేక దేశములలో పెరుగుచున్నంత మాత్రమున దానికి ఆపద లేదని తలంచరాదు. ఉత్తర దేశములకు చెందిన ఒక పూలమొక్క చరిత్ర ఈ సంగతిని చక్కగా బోధించుచున్నది. గ్రామ వృక్షసంపదకు కాపరులైన పంచాయతీ సభ్యులు దీనిని గ్రహించుట అవసరము.

మొక్క స్వభావము

ఇంగ్లండులో దీనిని ‘లేడీస్ స్లిప్పర్’ అందురు. పూవులోని పసుపుపచ్చని తిత్తి చిన్న చెప్పువలె నుండుటచే ఆ పేరు కలిగినది. శాస్త్రజ్ఞు లిచ్చిన పేరు సిప్రిపీడియం కాల్సియోలస్. ఇది ఆర్కిడ్ కుటుంబమునకు చెందిన మొక్క. సున్నపురాతి నేలలలో, పలుచని అడవుల నీడలో పెరుగును. ఐరోపా నుండి సైబీరియా మీదుగా తూర్పు ఆసియా వరకు వ్యాపించియున్నది.

దీని వృద్ధి మిక్కిలి మందము. చిన్న జాతి తేనెటీగ తిత్తిలో దిగి, వెనుకవైపు ఇరుకు సందు గుండా వెలుపలికి వచ్చునపుడు పుప్పొడి దాని మేనికి అంటుకొనును. ఆ యీగ మరియొక పూవును చేరినగాని గింజ పట్టదు. గింజలు ధూళివలె సన్ననివి. నేలలో తగిన శిలీంధ్రము తోడైనగాని మొలవవు. మొలచిన పిదప పూయుటకు పెక్కేండ్లు పట్టును. మొక్కను పెరికివేయుట నిమిషము పని. మరియొకటి దాని స్థానమున నిలుచుటకు సంవత్సరములు కావలెను.

రెండు లెక్కలు

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము వారి ఎఱ్ఱ పట్టికలో ఈ మొక్క ప్రపంచము మొత్తముమీద ‘ఆందోళన తక్కువ’ అను తరగతిలో నున్నది. కాని ఇంగ్లండులో జరిగినది వేరు. పూవుల అందమునకు ఆశపడి తోటలవారు, మొక్కలు సేకరించువారు దీనిని దుంపలతో సహా త్రవ్వుకొనిపోయిరి. 1917 నాటికి ఇది అచ్చట అంతరించినదని ప్రకటించిరి. 1930లో యార్క్‌షైరులో ఒకే యొక మొక్క కనబడెను. దాని తావును రహస్యముగా నుంచి, కాపలా పెట్టి కాపాడిరి. 1983లో క్యూ ఉద్యానవనమున ప్రయోగశాలలో గింజలు మొలిపించు కృషి ఆరంభమయ్యెను. 1989 నుండి నారు నాటిరి. 2000లో వానిలో మొదటిది పూచెను. తిరిగి నాటినచోట గింజ రాలి తనంతట మొలచిన పిల్లమొక్క 2024లో కనబడినదని ప్రకటించిరి. ఒక్క మొలకకొరకు ఇన్ని దశాబ్దముల శ్రమ!

మనకు పాఠము

ప్రపంచపు లెక్క ఒకటి, ఊరి లెక్క మరియొకటి. ఊరి లెక్కను ఊరివారే చూడవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థ జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచవలెను. ప్రజా జీవవైవిధ్య పట్టికను సిద్ధపరచవలెను. ఆ పట్టికలో మొక్క పేరు మాత్రము వ్రాసిన చాలదు. ఎన్ని యున్నవి? పూచి గింజ పట్టుచున్నవా? పిల్లమొక్కలు కనబడుచున్నవా? ఎవరైన వేళ్లతో పెరికి కొనిపోవుచున్నారా? అని విచారించి వ్రాయవలెను. అరుదైనదాని తావును బహిరంగపరుపరాదు.

ఊరి వృద్ధులను, వైద్యులను, పశువుల కాపరులను అడిగినచో ఏ మొక్క తగ్గినదో వారే చెప్పగలరు. చివరి మొక్క మిగులువరకు వేచియుండక, పది యున్నపుడే కాపాడుట తేలిక. సభ్యులు రాబోవు సమావేశముననే ఈ విషయమును చర్చింతురని మేము ఆశించుచున్నాము.