పాపకు కడుపునొప్పి, ఇంటికి వైద్యం: కుటుంబ చికిత్స ఎలా పనిచేస్తుంది?

పదేళ్ల పాపకు బడి ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి వస్తుంది. పిల్లల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, శరీరంలో లోపమేమీ కనిపించలేదని, ఒకసారి కౌన్సెలింగ్‌కు వెళ్లి చూడమని చెప్పారు. అక్కడ ఫ్యామిలీ థెరపిస్టు వేసిన మొదటి ప్రశ్నకు తల్లిదండ్రులు ఆశ్చర్యపోయారు: "ఈ ఏడాది మీ ఇంట్లో ఏమేం మారాయి?"

ఇది ఊహించిన ఉదాహరణే. కానీ ఇలాంటి ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. ఈ కుటుంబం రాయ్‌పూర్‌లో ఉందనుకుందాం. 1931లో పూర్తయిన రాయ్‌పూర్–విజయనగరం రైలుమార్గం ఈ నగరాన్ని ఉత్తరాంధ్రతో కలిపింది. రైల్వే ఉద్యోగాలతో వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పాప తాతగారిది శ్రీకాకుళం వైపు ఊరు. రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో 35 ఏళ్లు పనిచేసి, 60 నిండగానే రిటైరయ్యారు. ఉద్యోగంతోపాటు క్వార్టర్సూ వదలాల్సి వచ్చింది. ఇప్పుడు అయిదుగురూ ఒక అద్దె ఇంట్లో ఉంటున్నారు.

మార్పును కొలవవచ్చా?

జీవితంలో వచ్చే మార్పులు ఆరోగ్యంపై చూపే ప్రభావాన్ని కొలవడానికి అమెరికా పరిశోధకులు హోమ్స్, రాహే 1967లో ఒక కొలమానం రూపొందించారు. అందులో 43 సంఘటనలు ఉన్నాయి. జీవిత భాగస్వామి మరణానికి 100 పాయింట్లు, పెళ్లికి 50, పదవీ విరమణకు 45. శుభకార్యమైనా సరే, దానికి సర్దుకోవడానికి మనిషి శ్రమ పడాల్సిందేనన్నది దీని వెనకున్న ఆలోచన. మన దేశంలో గుర్మీత్ సింగ్ బృందం 1984లో 51 సంఘటనలతో భారతీయ కొలమానాన్ని తయారుచేసింది. కూతురి పెళ్లి, అత్తింటివారితో గొడవ వంటి మన ఇళ్ల విషయాలకు అందులో చోటు దొరికింది.

అయితే పాయింట్లు కూడి ఫలానావారికి జబ్బు వస్తుందని చెప్పలేం. పరిశోధనల్లో కనిపించిన సంబంధం బలహీనమైనదే. ఒకే మార్పు ఒక ఇంటిని కుదిపేస్తుంది, మరో ఇంటిని తాకకుండా పోతుంది. ఆ తేడా ఎక్కడుందో వెతకడమే కుటుంబ చికిత్స పని.

రోగి ఒక్కరేనా?

1950లలో రెండు దూరదేశాల్లో ఇద్దరు వైద్యులు ఒకే దారి తొక్కారు. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలో గుడారాల్లో ఉండనిచ్చి, చికిత్సలో భాగస్వాములను చేశారు. అమెరికాలో ముర్రే బోవెన్ రోగులతోపాటు వారి కుటుంబాలను కూడా పరిశోధన వార్డులో ఉంచి గమనించారు. అప్పటిదాకా చికిత్సకు అడ్డంకిగానో, జబ్బుకు కారణంగానో చూసిన కుటుంబాన్ని వీరు కోలుకోవడానికి సాధనంగా చూశారు. తర్వాత బెంగళూరులోని నిమ్హాన్స్ మన దేశంలో కుటుంబ చికిత్సకు, శిక్షణకు ముఖ్య కేంద్రంగా ఎదిగింది.

బోవెన్ చెప్పిన వాటిలో 'త్రికోణం' ముఖ్యమైనది. ఇద్దరి మధ్య బిగువు పెరిగినప్పుడు, వారు తెలియకుండానే మూడో మనిషిని మధ్యలోకి లాగుతారు. అప్పటికి ఊరట దొరుకుతుంది. బరువు మాత్రం మూడో మనిషి మీద పడుతుంది.

మన ఉదాహరణలో థెరపిస్టు ముందుగా కాగితం మీద మూడు తరాల కుటుంబ పటం గీస్తారు. దీన్ని జీనోగ్రామ్ అంటారు. ఎవరు ఎవరికి దగ్గర, ఎవరి మధ్య మాటల్లేవు, ఏ ఏడాది ఏం జరిగింది అన్నవి అందులో గుర్తిస్తారు. తర్వాత ఒకరి గురించి మరొకరిని అడుగుతారు. ఇటలీలోని మిలాన్ బృందం రూపొందించిన పద్ధతి ఇది. "మామయ్యగారు మౌనంగా ఉంటే ఇంట్లో ముందుగా ఎవరు గమనిస్తారమ్మా?" అని కోడలిని అడిగితే, "పాపే" అంటుంది. "అప్పుడు పాప ఏం చేస్తుంది?" "అత్తయ్యగారి దగ్గరకు వెళ్లి చెబుతుంది."

అక్కడ అసలు విషయం బయటపడుతుంది. తాతగారు షిఫ్టు డ్యూటీల్లో ఉన్నన్నాళ్లూ ఇల్లంతా నాయనమ్మదే. ఇప్పుడు ఆయన రోజంతా ఇంట్లోనే ఉండి, కూరగాయల ధర నుంచి కుక్కర్ విజిళ్ల దాకా సలహాలిస్తున్నారు. ఆవిడ ఎదురు చెప్పలేక మాట్లాడటం మానేసింది. "కాఫీ చల్లారిపోతోందని తాతయ్యకి చెప్పమ్మా" అంటుంది. "నాకు వద్దని చెప్పు" అంటారాయన. కబురు మోసే పని పాపది. తాను బడికి వెళ్తే ఇంట్లో ఏమవుతుందోనన్న దిగులు పాపకు మాటల్లో చెప్పడం రాదు. అది కడుపునొప్పిగా బయటికి వస్తుంది. నొప్పి నటన కాదు, నిజమైనదే.

పాత పద్ధతి చెల్లదు, కొత్తది కుదరలేదు

అమెరికా రచయిత విలియం బ్రిడ్జెస్ జీవితంలో వచ్చే మలుపును మూడు దశలుగా చూశారు: పాతది ముగియడం, ఏదీ తేలని నడిమికాలం, కొత్తది మొదలవడం. రిటైర్మెంట్ రోజున దండలు వేసి, ఫొటోలు తీసి ముగింపు జరుపుతాం. మర్నాటి పొద్దున్న మొదలయ్యే నడిమికాలం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

అందుకే థెరపిస్టు తప్పెవరిదని తేల్చరు. ఆ ఇంట్లో ఏ పద్ధతి పాతబడిందో చూస్తారు. ముందుగా తాతగారిని తన పని గురించి చెప్పమంటారు. పోయినదాన్ని నలుగురి ముందు చెప్పుకోగలగడం ముగింపులో భాగమే. తర్వాత చిన్న మార్పులు మొదలవుతాయి. పాప ఇక కబుర్లు మోయదు. ఎవరైనా చెప్పమంటే, "మీరే చెప్పండి" అని నవ్వుతూ అనే అనుమతి తనకు అందరి ఎదుటే దొరుకుతుంది. పెద్దలిద్దరూ రోజూ పది నిమిషాలు నేరుగా మాట్లాడుకోవాలి. వంటింటి నిర్ణయాలు నాయనమ్మవి. బజారు, బిల్లులు, పెన్షన్ కాగితాలు తాతగారివి. ఎవరూ ఎవరి పనికీ మార్కులు వేయరు. వారం పది రోజులకోసారి కలిసి, ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని చూసుకుంటారు. ఒక్కసారిగా అన్నీ చక్కబడవు. కొన్ని పద్ధతులు రెండు మూడుసార్లు మార్చుకోవాల్సి వస్తుంది.

ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఎప్పుడు ఇది సరిపోదు?

కుటుంబ చికిత్స చేసేవారు సాధారణంగా క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ లేదా సైకియాట్రీ చదివి, ఆపై ఇందులో శిక్షణ పొందుతారు. క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. కాబట్టి చదువు ఏమిటి, శిక్షణ ఎక్కడ, నమోదు ఉందా అని అడగడం మర్యాద తప్పినట్టు కాదు. మంచి థెరపిస్టు సంతోషంగానే చెబుతారు. తమ పుట్టింటి అలవాట్లను ఎదుటివారి ఇంటికి అంటగట్టకుండా ఉండేందుకు, బోవెన్ తన శిష్యులతో ముందుగా వారి సొంత కుటుంబాలనే అధ్యయనం చేయించేవారు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే అందరినీ ఒకేచోట కూర్చోబెట్టడం బాధితురాలికి ప్రమాదం కావచ్చు. ముందు రక్షణ కావాలి. మహిళల హెల్ప్‌లైన్ 181. చనిపోవాలన్న మాటలు, భ్రాంతులు, రోజుల తరబడి నిద్రాహారాలు లేకపోవడం కనిపిస్తే సైకియాట్రిస్టును కలవాలి. అప్పుడు కుటుంబ చికిత్స మందులకు తోడుగా ఉంటుంది, బదులుగా కాదు.

ఛత్తీస్‌గఢ్‌తో సహా 12 రాష్ట్రాల్లో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, రకరకాల మానసిక సమస్యలున్నవారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ దూరం తగ్గించేందుకు 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనూ అందుతోంది. రాయ్‌పూర్ వంటి చోట ఇది చిన్న విషయం కాదు. బజారులో హిందీ ఎంత బాగా మాట్లాడినా, మనసులో బాధ చెప్పుకోవడానికి చాలామందికి ఇంటి భాషే కావాలి.

మీ ఇంట్లో కూడా ఈ మధ్య పెళ్లో, పుట్టుకో, రిటైర్మెంటో, వలసో జరిగిందా? అయితే "ఎవరికి బాగోలేదు?" అన్న ప్రశ్నతో ఆగిపోవద్దు. ఇంట్లో ఒకరి మాట ఇంకొకరికి ఎవరు మోస్తున్నారో కూడా గమనించండి.