భుజము బిగిసిపోవుట

జ్యోతినగరు చుట్టుపట్ల గ్రామములలో “రెక్క లేస్తలేదు” అను మాట నలుబది యేండ్లు దాటినవారి నోట వినబడుచుండును. ఒకే యింట నొకరు బొగ్గుగనికో విద్యుత్కేంద్రమునకో పోవుచుండగా, వరి, పత్తి చేల పని మిగిలినవారిపై బడు ప్రాంతమిది. అట్టి యింట నొక్క భుజము బిగిసినను పత్తి యేరుట, గంప తలకెత్తుకొనుట, మందుకొట్టు పంపును వీపునకు దగిలించుకొనుట నిలిచిపోవును. స్త్రీలకు కొప్పు ముడుచుకొనుట, పురుషులకు గోచి వెనుకకు దోపుకొనుట సయితము కష్టమగును. రాత్రి ఆ ప్రక్కకు నొరిగి పరుండలేరు. దీనినే వైద్యులు ఫ్రోజన్ షోల్డర్ అందురు.

వ్యాధి క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలో అవబాహుకమను పేర నొక వాతరోగము చెప్పబడినది. మూపునందలి బంధములు శోషించి చేయి ముడుచుకొనిపోవుట దాని లక్షణము. బోస్టను నగర వైద్యుడు కాడ్మన్ 1934వ సంవత్సరమున భుజమునుగూర్చి వ్రాసిన గ్రంథములో నేటి ఇంగ్లీషు పేరు వాడెను. జపానువారు దీనిని “ఏబదియేండ్ల భుజము” అందురు. వయస్సునుబట్టి పెట్టిన యీ పేరే మన రైతులకు సులభముగ బోధపడును.

భుజాస్థియొక్క గుండ్రని తల రెక్క యెముకయందలి లోతులేని గుంటలో దిరుగుచుండును. ఆ కీలును చుట్టి పలుచని సంచివంటి పొర యొకటి గలదు. చేయి పైకెత్తుటకు వీలుగా ఆ సంచి అడుగున వదులుగ మడతలు పడియుండును. వాపుచే నీ పొర మందమై, ముడుచుకొని, మడతలు పోయినప్పుడు ఎముకకు తిరుగుటకు చోటుండదు. ఎముక అరుగలేదు, నరము తెగలేదు. కావుననే ఎక్స్‌రే తీయించినను తఱచుగ నేమియు గానరాదు. “ఫొటోలో నేమియు లేదన్నారు, అది వట్టి అనుమానమే” యని ఇంటివారు రోగిని గేలిచేయుట అన్యాయము.

ఇంటనే గుర్తించుటకొక యుపాయము గలదు. మోచేతులను ప్రక్కటెముకలకు ఆనించి, ముంజేతులను ముందుకు చాచి, రెంటిని వెలుపలికి ద్రిప్పవలెను. మంచి చేయి సులభముగ తిరుగును. బిగిసిన చేయి అంతగా తిరుగదు. మరియొకరు పట్టి త్రిప్పినను అదే స్థితి యగును. అట్లుగాక, తాను ఎత్తలేకున్నను ఇతరులు ఎత్తినచో చేయి లేచినయెడల, అది కండరపు పట్టీ తెగుట కావచ్చును. దాని చికిత్స వేఱు.

వ్యాధికి మూడు దశలు. మొదటిది నొప్పి దశ; కొన్ని వారములు మొదలు తొమ్మిది నెలలవఱకు నుండును. రెండవ దశలో నొప్పి తగ్గి బిగువు మిగులును. మూడవ దశలో మెల్లమెల్లగ వదులగును. మొత్తము ఒకటి మొదలు మూడేండ్లు పట్టుట సామాన్యము. కొందఱికి కొంత బిగువు అటుపిమ్మటను నిలిచియుండును. తానే పోవునుగదా యని యూరకుండువారు రెండు పంటకాలములు పోగొట్టుకొందురు.

ఇక నేను ముఖ్యమని తలచు విషయము. మధుమేహము, అనగా షుగరు వ్యాధి, గలవారికి ఇతరులకంటె నిది పలు రెట్లు హెచ్చుగ వచ్చును. వచ్చినచో మొండిగ నుండును. కొందఱిలో మధుమేహమున్నదని తెలియకముందే భుజము బిగియును. కావున భుజము పట్టినవారు నూనె వెదకుటకు ముందు రక్తములోని చక్కెరను పరీక్ష చేయించుకొనవలెను. ముప్పది యేండ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో నీ పరీక్ష ఉచితము. థైరాయిడు దోషము గలవారికిని, పక్షవాతము వచ్చినవారికిని, చేయి విరిగి చాలకాలము కట్టులో నుంచినవారికిని ఈ బాధ తఱచు.

మన గ్రామములలో జరుగు పొరపాట్లు రెండు. చేతిని మెడకు కట్టి నెలలతరబడి కదల్పకుండుట యొకటి. మోటుగ విఱిచి లాగించుట రెండవది. మొదటిదానిచే సంచి మఱింత ముడుచుకొనును. రెండవదానిచే పొర చినిగి వాపు హెచ్చును. ఎముకలు గుల్లబారిన ముసలివారికి ఎముకయే విఱుగవచ్చును.

చేయవలసినది నిత్యము కొద్దికొద్దిగ కదలించుట. ముందు పది నిమిషములు వేడి కాపడము పెట్టవలెను. మధుమేహులకు స్పర్శ తగ్గియుండుటచే వేడిని మరియొకరు చూచి పెట్టుట మేలు. పిదప మంచి చేతిని మంచపుపట్టెపై నానించి ముందుకు వంగి, నొప్పిచేతిని వ్రేలాడవిడిచి గడియారపు లోలకమువలె ఊపుచు చిన్న సున్నలు చుట్టవలెను. గోడకెదురుగ నిలిచి వ్రేళ్లతో పైకి ప్రాకుచు, అందిన చోట వారమునకొకసారి సుద్దతో గీత గీసినచో అభివృద్ధి కంటికి గనబడును. దూలమునకు నూతి గిలకను కట్టి, త్రాటి రెండు కొసలను పట్టుకొని, మంచి చేతితో లాగి నొప్పిచేతిని లేపుటయు మంచిదే. నూతులు పూడిన యిండ్లలో గిలకలు అటకలపై నుండనేయున్నవి! దినమునకు మూడుసార్లు, సారికి పది నిమిషములు చాలును. నొప్పి దశలో కొద్దిపాటి నొప్పి దగ్గఱనే ఆపవలెను. గిలకపని బిగువు దశలో మొదలుపెట్టవచ్చును.

సింగరేణి కార్మికులకు గోదావరిఖనిలో కంపెనీ ఆసుపత్రి యున్నది. తక్కిన రైతులు ప్రభుత్వ దవాఖానాలో ఎముకల వైద్యునికి జూపవలెను. రామగుండమున 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలయు నేర్పడినది. నొప్పి దశలోనే కీలులో స్టీరాయిడు సూది వేసినచో కొన్ని వారములు సుఖము కలిగి, వ్యాయామము సులభమగును. మధుమేహులకు దానివలన కొన్ని దినములు చక్కెర పెరుగును గనుక ముందే వైద్యునికి చెప్పవలెను. నొప్పిమాత్రలను అంగడిలో కొని నెలలతరబడి మ్రింగుట మూత్రపిండములకు హాని. ఆఱు నెలలు శ్రద్ధతో చేసినను కదలిక రానివారికి మత్తునిచ్చి కీలు వదలించుటయో, చిన్న రంధ్రమునుండి దుర్భిణితో పొరను కోయుటయో చేయుదురు.

ఎడమ భుజపు నొప్పితో ఛాతీ బరువు, చెమట, ఆయాసము కలిగినచో నది కీలునొప్పి కాదు, గుండెపోటు కావచ్చును. 108కి ఫోను చేసి వెంటనే దవాఖానాకు పోవలెను. జ్వరముతో భుజము వాచి యెఱ్ఱబారినను, పడినపిదప చేయి లేవకున్నను, ఆ దినమే వైద్యుని జూడవలెను.