మందులకు లొంగని క్రిములు – ఐ.సి.యు. తలుపు దగ్గర మన చేతులు



ఐ.సి.యు. బయట బెంచీల మీద కూర్చున్న కుటుంబాలవారు మా సిస్టర్లను తరచుగా మూడు ప్రశ్నలు అడుగుతారు. "మా నాన్నగారిని చూడటానికి ఒక్కొక్కరినే ఎందుకు పంపుతారు?" "పాస్టరుగారు చేతులుంచి ప్రార్థన చేయడానికి వస్తే ఆయన్ని కూడా చేతులు కడుక్కోమంటారేమిటి?" "ఇంకా పెద్ద మందు వేయవచ్చు కదా, డబ్బు మేము ఎలాగో తెచ్చుకుంటాం." ఈ మూడు ప్రశ్నలకూ మూలం ఒకటే. యాంటిబయాటిక్ మందులకు లొంగని క్రిములు ఐ.సి.యు.లలో పెరుగుతున్నాయి. వాటిని అడ్డుకోవడంలో కుటుంబానికీ, సంఘానికీ కూడా పని ఉంది. ఈ నెల ఆరోగ్య పాఠంలో దానిని తెలుసుకుందాం.

మారేది ఒళ్ళు కాదు, క్రిమి

"ఆ మందు మా ఒంటికి అలవాటైపోయింది, ఇక పనిచేయదు" అని చాలామంది అంటారు. అలవాటు పడేది మన ఒళ్ళు కాదు, క్రిమి. పత్తి రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. ఒకే పురుగుమందు పదే పదే కొడితే, చావకుండా మిగిలిన పురుగే సంతానం పెడుతుంది. కొన్నాళ్ళకు చేనంతా ఆ సంతానమే. మందు డబ్బాలు ఖాళీ అవుతాయి గాని పురుగు పోదు.

మన శరీరంలోని క్రిముల సంగతీ అంతే, కాకపోతే ఇంకా వేగం. అన్నీ అనుకూలంగా ఉంటే ఇ. కోలై అనే క్రిమి 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతుంది. ఆ లెక్కన ఒక్క క్రిమి 8 గంటల్లో కోటిన్నర దాటుతుంది. మొండి క్రిములలో కొన్ని మందును విరగ్గొట్టే పదార్థాన్ని తయారు చేసుకుంటాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును బయటకు తోసేస్తాయి. అంతేకాదు, ఈ విద్యను పక్కనున్న వేరే జాతి క్రిమికి కూడా అందిస్తాయి.

ఇది ఎవరూ ఊహించనిది కాదు. 1928లో పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గారే, 1945లో తన నోబెల్ ప్రసంగంలో, చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు ఈ మందును తట్టుకోవడం నేర్చుకుంటాయని హెచ్చరించారు.

ఐ.సి.యు.లోనే ఎందుకు ఎక్కువ?

మొదటి కారణం గొట్టాలు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి చర్మం, దగ్గు, మూత్రం ధారగా పోవడం – ఇవన్నీ కాపలాదారులు. ఐ.సి.యు. రోగికి గొంతులో వెంటిలేటర్ గొట్టం, పెద్ద రక్తనాళంలో లైను, మూత్రానికి మరో గొట్టం ఉంటాయి. అవి ప్రాణం నిలబెట్టడానికే, కాని క్రిములకు కూడా దారి ఇస్తాయి.

రెండవ కారణం మందులు. యాంటిబయాటిక్ చెడ్డ క్రిములతో పాటు పేగులలో ఉండే మంచి క్రిములను కూడా చంపుతుంది. ఖాళీ అయిన చోట మొండి క్రిమి కాపురం పెడుతుంది.

మూడవ కారణం చేతులు. ఐ.సి.యు. రోగిని రోజుకు ఎన్నో చేతులు తాకుతాయి. క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, సూడోమోనాస్ అనే క్రిములు ఇక్కడ మమ్మల్ని ఎక్కువగా బాధపెడతాయి. వీటిలో అసినెటోబాక్టర్ పొడిగా ఉన్న మంచం కడ్డీ మీద, మానిటర్ బటన్ మీద వారాల తరబడి బ్రతికి ఉండగలదు. దానికి కాళ్ళు లేవు, రెక్కలు లేవు. ఒక మంచం నుండి మరో మంచానికి అది ఎక్కువగా మన చేతుల మీదనే ప్రయాణం చేస్తుంది.

"పెద్ద మందు" సంగతి

మెరోపెనెం, ఇమిపెనెం వంటి మందులను తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు దాచి ఉంచుకున్నాం. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐ.సి.ఎం.ఆర్., నివేదికల ప్రకారం దాని పరిశీలనలో ఉన్న ఆసుపత్రులలో ఇమిపెనెంకు లొంగిన క్లెబ్సియెల్లా క్రిములు 2016లో నూటికి 65 ఉండగా, 2021 నాటికి 43కు తగ్గిపోయాయి.

అవి కూడా పనిచేయనప్పుడు కొలిస్టిన్ అనే పాత మందును బయటకు తీయవలసి వస్తోంది. మూత్రపిండాలకు హాని చేస్తుందని 1970లలో వైద్యులు దాదాపుగా పక్కన పెట్టిన మందు ఇది. దీనిని మనుషుల కోసం కాపాడుకోవాలని 2019లో కేంద్ర ప్రభుత్వం కోళ్ళ, పశువుల, చేపల పెంపకంలో దాని వాడకాన్ని నిషేధించింది. కాబట్టి "ఇంకా పెద్ద మందు" అనే అలమర మీరు అనుకున్నంత నిండుగా లేదు. పొలం అమ్మినా దొరకని మందు ఉంటుంది, ఎందుకంటే అది ఇంకా తయారే కాలేదు.

ఇక్కడ మీరు కల్చర్ రిపోర్టు గురించి తెలుసుకోవాలి. రోగి రక్తం, కఫం లేదా మూత్రం తీసి ల్యాబులో క్రిమిని పెంచి, దాని మీద ఒక్కొక్క మందునూ పరీక్షిస్తారు. దీనికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. రిపోర్టులో మందు పేరు ఎదుట 'ఎస్' అని ఉంటే క్రిమి లొంగుతుంది, 'ఆర్' అని ఉంటే లొంగదు. ప్రాణాపాయంలో రిపోర్టు కోసం ఆగలేము గనుక డాక్టరుగారు ముందు ఎక్కువ రకాల క్రిముల మీద పనిచేసే మందు మొదలుపెడతారు. రిపోర్టు వచ్చాక చవకైన పాత మందుకు మార్చవచ్చు. అలా మార్చారంటే రోగి మీద ఆశ వదిలేశారని అర్థం కాదు. సరైన మందు దొరికిందని అర్థం.

కడిగిన చేతులు చేసిన మేలు

1847లో వియన్నా నగరంలోని పెద్దాసుపత్రిలో బాలింతలు జ్వరంతో చనిపోతుండేవారు. డాక్టర్లు శవపరీక్షలు చేసి, ఆ చేతులతోనే కాన్పులు చేస్తున్నారని సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు గ్రహించి, క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడగాలని నియమం పెట్టారు. ఏప్రిల్ నెలలో ఆ వార్డులో నూటికి 18 మంది తల్లులు చనిపోగా, జూన్ నాటికి ఆ సంఖ్య రెండుకు దిగింది. అప్పటికి ఒక్క యాంటిబయాటిక్ కూడా పుట్టలేదు.

మన కాలంలో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో నూరుకు పైగా ఐ.సి.యు.లు పెద్ద రక్తనాళపు లైను విషయంలో ఐదు చిన్న నియమాలు పాటించాయి. చేతులు కడగడం, రోగిని శుభ్రమైన గుడ్డతో పూర్తిగా కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంతవరకు గజ్జల దగ్గర లైను పెట్టకపోవడం, అవసరం తీరిన వెంటనే తీసేయడం. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం లైను ద్వారా వచ్చే రక్తపు ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతుల వరకు తగ్గాయి.

అందుకే ఒక మనవి. డాక్టరుగారైనా, సిస్టరైనా, ఆయా అయినా చేతులు శుభ్రం చేసుకోకుండా మీ మనిషిని తాకబోతే "సిస్టర్, చేతులండీ" అని అడగండి. మేము నొచ్చుకోము. అలా అడగడం మీ హక్కు.

ప్రార్థనకు వచ్చేవారికి

ప్రార్థనను మేము ఆపము. ఇది ప్రార్థన మీద కట్టిన ఆసుపత్రి. అయితే ఈ క్రింది మాటలు దయచేసి పాటించండి.

1. ఒక్కొక్కరుగా రండి. మిగిలినవారు వెయిటింగ్ హాలులో గాని, చాపెల్‌లో గాని కూడుకొని ప్రార్థించండి.

2. గాజులు, ఉంగరాలు, వాచీ తీసి, సబ్బుతో 40 నుండి 60 సెకన్లు చేతులు కడగండి. చేతులకు మురికి కనబడకపోతే తలుపు దగ్గరున్న స్పిరిట్ ద్రావణాన్ని 20 నుండి 30 సెకన్లు, ఆరేవరకు రుద్దుకోవచ్చు. లోపలికి వచ్చేటప్పుడూ, బయటకు వెళ్ళేటప్పుడూ చేయాలి.

3. ఒక రోగికి చేతులుంచి ప్రార్థించి, అలాగే పక్క మంచానికి వెళ్ళవద్దు. మళ్ళీ శుభ్రం చేసుకొని వెళ్ళండి.

4. నూనె రాయాలనుకుంటే ముందు సిస్టరును అడగండి. అదే సీసాను మంచం మంచానికీ తిప్పవద్దు. గొట్టాల దగ్గర, కట్ల దగ్గర నూనె తగలకూడదు.

5. బైబిలు, సెల్‌ఫోను, చేతిసంచి రోగి పడక మీద పెట్టవద్దు. గొట్టాలను సర్దవద్దు.

6. జలుబు, జ్వరం, విరేచనాలు ఉన్నవారు ఇంటి దగ్గర నుండే ప్రార్థించండి.

చేతులు కడుక్కొని ప్రార్థించినంత మాత్రాన విశ్వాసం తగ్గదు.

గౌను, గ్లౌజులు వేసుకుంటే వెలివేసినట్టా?

రిపోర్టులో మొండి క్రిమి కనబడితే రోగిని వేరే గదిలో గాని, చివరి మంచం మీద గాని ఉంచుతాము. గౌను, గ్లౌజులు వేసుకొని దగ్గరకు వెళ్తాము. అది చూసి "మా అమ్మను అంటరానిదాన్ని చేశారు" అని కన్నీళ్ళు పెట్టుకునేవారున్నారు. అమ్మగారికి చేసే సేవలో ఏమీ తగ్గదు. పక్క మంచం మీది రోగికి క్రిమి చేరకుండా చేసే ఏర్పాటు మాత్రమే ఇది.

ఇంకొక సంగతి. క్రిమి ఒంటి మీద ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. అటువంటి వ్యక్తి ఇంటికి వచ్చాక అందరితో కలిసి భోజనం చేయవచ్చు, మనవలను దగ్గరకు తీసుకోవచ్చు. మూత్రపు సంచి ఖాళీ చేసినా, పుండుకు కట్టు మార్చినా, మరుగుదొడ్డికి వెళ్ళివచ్చినా సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. మరో ఆసుపత్రికి వెళ్తే మాత్రం ఆ రిపోర్టు తప్పక చూపించండి.

ఇంటి దగ్గర మొదలు

ఐ.సి.యు.లో కనబడే మొండితనానికి విత్తనం చాలాసార్లు ఇంట్లోనే పడుతుంది. జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వస్తాయి, వాటికి యాంటిబయాటిక్ పనిచేయదు. మెడికల్ షాపులో "రెండు మాత్రలు ఇవ్వండి" అని కొనవద్దు. మిగిలిన మాత్రలు దాచి పక్కింటివారికి ఇవ్వవద్దు. డాక్టరు చెప్పిన మోతాదు, చెప్పిన రోజులు వాడండి. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. ఈ గుర్తును ప్రజలకు తెలియజేయడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రచారం చేపట్టింది.

ఆసుపత్రిలో చేర్చేటప్పుడు గత మూడు నెలల్లో రోగి వాడిన మందులన్నీ చెప్పండి. ఊళ్ళో ఆర్.ఎం.పి. చేసిన ఇంజక్షన్లు కూడా దాచకండి, ఖాళీ అట్టలుంటే తీసుకురండి. ఎవరూ కోప్పడరు. ఆ సమాచారంతో సరైన మందు త్వరగా ఎంచుకోవడానికి వీలవుతుంది.

కుటుంబ ప్రార్థన తర్వాత మాట్లాడుకోవడానికి

1. మందుకు అలవాటు పడేది ఎవరు – మన ఒళ్ళా, క్రిమా?

2. మన ఇంటి మందుల డబ్బాలో సగం వాడిన యాంటిబయాటిక్ అట్టలు ఉన్నాయా?

3. ఈసారి ఐ.సి.యు.లో ఉన్న బంధువును చూడటానికి మన ఇంట్లో నుండి ఎవరు వెళ్ళాలి? మిగిలినవారు ఎక్కడ ప్రార్థించాలి?

4. డాక్టరుగారిని "చేతులండీ" అని అడిగే ధైర్యం మనలో ఎవరికి ఉంది?

మీ కుటుంబాలను ప్రభువు ఆరోగ్యముతో కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్