బైబిలునందు "నరకము" ఎన్నిమారులు గలదు?

ఒక మతగ్రంథమునందు ఒకానొక పదము ఎన్నిమారులు వచ్చినదని లెక్కించుట పండితులకు ప్రీతికరమైన పని. లండను నగరమున పుస్తకవిక్రేతగా నుండిన అలెగ్జాండరు క్రూడెను 1737వ సంవత్సరమున ఆంగ్ల బైబిలునకు పదానుక్రమణికను ప్రకటించెను. అమెరికా దేశస్థుడగు జేమ్సు స్ట్రాంగు 1890లో, 1611 నాటి ఆంగ్లానువాదమునందలి ప్రతిపదమునకును స్థానము చూపి, దాని హెబ్రీ గ్రీకు మూలపదములను అంకెలతో గుర్తించి మహాగ్రంథమును వెలువరించెను. నేడు యంత్రము ఆ లెక్కను క్షణములో ముగించును. లెక్క సులభమైనకొలది, "ఈ మాట ఇన్నిమారులు వచ్చినది, కాబట్టి ఈ గ్రంథమునకు ఇదియే ముఖ్యాభిప్రాయము" అని వాదించుటయు సులభమగుచున్నది. అట్టి వాదమెంతవరకు నిలుచునో ఒక్క పదమును గైకొని పరీక్షింతము.

1611 నాటి అనువాదమునందు నరకమను అర్థముగల "హెల్" అను పదము 54 మారులు గలదు. అల్పసంఖ్య కాదు. అయితే మూలమునకు పోయి చూచినచో ఈ ఒక్క మాటవెనుక నాలుగు మాటలు నిలిచియున్నవి. పాతనిబంధనలోని 31 చోట్లను హెబ్రీ పదము "షెయోలు". క్రొత్తనిబంధనలో "హేడిసు" 10, "గెహెన్నా" 12, "టార్టరసు" సంబంధమైన క్రియాపదము 1.

షెయోలనగా మృతులు చేరు చీకటితావు. పుణ్యాత్ములును పాపాత్ములును అచటికే పోవుదురని హెబ్రీయుల ప్రాచీనభావము. ఈ పదము మూలమున 65 మారులు గలదు. అనువాదకులు 31 చోట్ల నరకమనియు, 31 చోట్ల సమాధియనియు, 3 చోట్ల గోయియనియు వ్రాసిరి. యోసేపు మరణించెనని తలచి దుఃఖించు యాకోబు తానును అచటికే పోవుదునన్నప్పుడు అది సమాధియైనది. తొమ్మిదవ కీర్తనలో దుష్టులు పోవునప్పుడు అదే మాట నరకమైనది. పితరుని నరకమునకు పంపుటకు అనువాదకులకు చేయి రాలేదు కాబోలు! అయినను ఈ నియమమును వారంతట పాటింపలేదు. అపొస్తలుల కార్యములలో హేడిసును నరకమనుటవలన, క్రీస్తు ఆత్మ నరకమున విడువబడలేదను విపరీతవాక్యమేర్పడినది. హేడిసున బాధలేదని మేమనము. లూకా సువార్తలోని ధనికుడు అచటనే యాతనపడుచున్నాడు. కాని పది చోట్లను అదే యర్థమనుట తగదు.

గెహెన్నా సంగతి వేరు. ఇది యెరూషలేమునకు దక్షిణమున నున్న హిన్నోము లోయ పేరు. అచట పూర్వము బిడ్డలను అగ్నికి ఆహుతి చేయు ఘోరాచారముండెను. యిర్మీయా ప్రవక్త దానిని తీవ్రముగా గర్హించెను, యోషీయా రాజు ఆ స్థలమును అపవిత్రపరచి ఆచారమును మాన్పెను. ఆ లోయపేరే కాలక్రమమున దండనస్థానమునకు పేరైనది. పండ్రెండింటిలో పదునొకండు క్రీస్తుమాటలుగా మొదటి మూడు సువార్తలలో నున్నవి. మిగిలినది యాకోబు పత్రికలోనిది. పౌలు పత్రికలలో గాని యోహాను సువార్తలో గాని ఈ పదమొక్కమారును లేదు.

1901లో అమెరికాలో వెలువడిన సవరించిన అనువాదము షెయోలును హేడిసును అట్లే యుంచినది. అందుచేత 54 కాస్త 13 అయ్యెను. ఏబది నాలుగింటిపై భయమును నిర్మించుకొన్నవారు దీనికేమందురో!

మన తెలుగు బైబిలు షెయోలును పెక్కుచోట్ల పాతాళమని, గెహెన్నాను నరకమని వేరుపరచినది. ఈ వివేకము మెచ్చదగినది. అయితే మన పురాణములలోని నరకము పాపఫలమనుభవించి తిరిగివచ్చు చోటు. పదము మనదగుటచేత ఆ భావమును వెంటవచ్చును. తెలుగు చదువరి, ఆంగ్ల చదువరి ఒకే వాక్యమును చదివియు ఒకే చోటును తలపరు.

దైవనామము విషయమునను ఇట్టిదే. హెబ్రీ మూలమున నాలుగక్షరముల దైవనామము సుమారు 6,800 మారులు గలదు. తెలుగున ఆ తావుల యెహోవా యని చదువుచున్నాము. 1611 నాటి ఆంగ్లానువాదమునందు ఆ పేరు, స్థలనామములతో గలిపి, ఏడు మారులే కనబడును. తక్కినచోట్ల "ప్రభువు" మొదలగు మాటలున్నవి. ఇక ఎస్తేరు గ్రంథపు హెబ్రీ మూలమునందు దేవుడను మాటయే లేదు. అయినను యూదులు ఏటేట పూరీము పండుగనాడు సమాజమందిరములలో దానిని ఆద్యంతము పఠింతురు.